మూడు బాయిలు, ఒకే ఇల్లు: బొగ్గుగనుల వలస చరిత్ర గురించి కొన్ని ఆలోచనలు

గత ఎండకాలంలో ఒక పరిశోధక విద్యార్థిని గోదావరిఖనిలో మా ఇంటికి వచ్చింది. బొగ్గుగనుల ప్రాంతంలో వలసలు ఆమె పరిశోధనాంశం. చేతిలో అచ్చువేసిన ప్రశ్నాపత్రం ఉంది. మొదటి ప్రశ్న: స్వగ్రామం. మా అవ్వ కాసేపు ఆలోచించి ఎదురు ప్రశ్న వేసింది.

"ఏ ఊరు చెప్పాలె బిడ్డా? పుట్టిన ఊరా, ఇచ్చిన ఊరా, బాయి కాడి ఊరా?"

"మీ సొంతూరు చెప్పండమ్మా" అన్నది ఆ అమ్మాయి.

"సొంతూరంటే ఇల్లున్న ఊరా, భూమున్న ఊరా, మా ఆయినను కాలవెట్టిన ఊరా?"

ఆ ప్రశ్నకు కాగితంలో ఒకటే గీత ఉంది. అమ్మాయి పెన్ను ఎత్తి పట్టుకుని నా వైపు చూసింది. నేను బడిలో తెలుగు చెప్పుకుంటూ ఇరవై ఏళ్లకు పైగా ఈ బొగ్గుగనుల మీద రాస్తున్నవాణ్ణి. అయినా సాయం చేయలేకపోయాను. నా రాతల్లో ఆ గీత మీద ఎప్పుడూ "గోదావరిఖని" అనే ఒక్క మాటే రాస్తూ వచ్చాను. అవ్వ వేసిన ప్రశ్నను నాకు నేను వేసుకోలేదు. ఈ వ్యాసానికి కారణం ఆ ఒక్క గీతే.

తెలంగాణలో ఒక మాట ఉంది: బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమకాలంలో వేదికల మీద మోగి మోగి అది నినాదంగా అరిగిపోయింది కాని, పల్లెలో బతుకు సాగనప్పుడు కరీంనగర్ మనిషి పట్టే మూడు దారులవి. మన నోట బావి బాయి అవుతుంది. తక్కిన రెండూ ప్రాస కుదిరి పక్కన చేరిన ఊళ్లు. ప్రాస కోసమే పుట్టిందనుకున్నా, మన పరిశోధన గ్రంథాలు చేయని పని ఒకటి ఆ మాట చేసింది: మూడింటినీ ఒక్క ఊపిరిలో చెప్పింది. జనం ఒక్క ఊపిరిలో చెప్పినదాన్ని గ్రంథాలయంలో మూడు అరల్లో సర్దింది మనం. బొగ్గుబాయి కార్మికోద్యమ చరిత్ర అరలోకి పోయింది. బొంబాయి చేనేత సమస్యల అరలోకి పోయింది. దుబాయి ఆర్థికశాస్త్రంలో విదేశీ మారకద్రవ్యం పక్కన చేరింది. ఒకే తల్లికి పుట్టిన ముగ్గురిని మూడు శాస్త్రాలకు పంచి ఇచ్చినట్టయింది.

అతిశయోక్తి అనుకోకండి. మా ఇంటి సంగతే చెబుతాను. మా తాతకు ముగ్గురు కొడుకులు. జగిత్యాల దగ్గరి ఊరు. పెద్దవాడు మా బాపు, 1979లో బొగ్గుబాయిలో ఫిల్లర్‌గా చేరాడు. నడిపి కాక అప్పటికే బొంబాయి మిల్లులో ఉన్నాడు. చిన్న కాక 1984లో దుబాయి పోయాడు. బాపు చేరింది తన పేరు మీద కాదు. పనిలో చేరి నిలవలేక తిరిగిపోయిన మరో మనిషి పేరు మీద. ఆ పేరుతోపాటు ఆ మనిషి తండ్రి పేరూ వచ్చింది. చిన్న కాక పాస్‌పోర్టు ఇంకొకరిది, ఫోటో మాత్రం తనది. నడిపి కాక ఒక్కడే తాత కొడుకుగా కాగితంలో మిగిలాడు. అంటే రేపు ఏ చరిత్రకారుడైనా దస్తావేజులు ముందేసుకుని కూచుంటే, ఒకే కంచంలో తిన్న ముగ్గురు అన్నదమ్ములు ఆయనకు మూడు వేర్వేరు తండ్రులకు పుట్టిన, ఏ సంబంధమూ లేని ముగ్గురు మనుషులుగా కనబడతారు. దస్తావేజు అబద్ధం చెప్పదని మనకు చరిత్ర పాఠాల్లో నేర్పారు. మా ఇంట్లో మూడు దస్తావేజుల్లో రెండు అబద్ధాలు చెప్పాయి. ఆ అబద్ధాల మీదే ఇల్లు నిలబడింది.

ఇది మా ఒక్క ఇంటి వింత కాదు. మారుపేర్ల సమస్య సింగరేణిలో అందరికీ తెలిసినదే. తండ్రి ఒక పేరుతో పనిచేసి, కొడుకు మరో తండ్రి పేరుతో చదువుకుని, వారసత్వ ఉద్యోగానికి వచ్చేసరికి తను ఆయన కొడుకునేనని రుజువు చేసుకోవలసిన స్థితి ఎందరిదో. 2017లో వారసత్వ ఉద్యోగాల పథకాన్ని హైకోర్టు కొట్టివేసిన తర్వాత కారుణ్య నియామకాలు వచ్చాయి. చిక్కు మాత్రం అలాగే ఉంది. యూనియన్ల డిమాండ్ల పత్రాల్లో ఇది ఎన్నోసార్లు చోటు చేసుకుంది. మన కథల్లో, మన చరిత్ర వ్యాసాల్లో ఎన్నిసార్లు చోటు చేసుకుంది?

ఇకపోతే, ప్రపంచీకరణ అనగానే 1991 నుంచి మొదలుపెట్టడం మనకు అలవాటయింది. నూతన ఆర్థిక విధానాలు, సరళీకరణ, ప్రైవేటీకరణ అని మూడు ముక్కలు చెప్పి వ్యాసం ప్రారంభిస్తాం. బొగ్గుగనుల విషయంలో ఆ తేదీ చాలా ఆలస్యం. 1871లో భూగర్భ పరిశోధన శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించాడు. 1886లో ఇంగ్లండులో రిజిస్టరైన హైదరాబాద్ (దక్కన్) కంపెనీ చేతికి గనుల హక్కులు వచ్చాయి. 1889లో ఉత్పత్తి మొదలైంది. అంటే తెలుగునేల మీద మొదటి బొగ్గుపెళ్ల పైకి వచ్చేనాటికే దాని లాభం చేరవలసిన ఊరు లండన్ అని నిర్ణయమైపోయింది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. 1945లో నిజాం ప్రభుత్వం అత్యధిక వాటాలు కొన్నది. 1956లో అవి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి వచ్చాయి. ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం. సింగరేణి అన్నది ఇల్లెందు వైపు ఒక పల్లె పేరు. పల్లె అక్కడే ఉండిపోయింది, పేరు మాత్రం కొత్తగూడెం, బెల్లంపల్లి మీదుగా గోదావరి ఒడ్డుదాకా వలస వచ్చింది. మా దగ్గర అన్నిటికంటే పాత వలసదారు ఆ పేరే.

రామగుండం కథ దీని తర్వాతిది. 1929 ప్రాంతంలో కాజీపేట నుంచి బల్హర్షాకు రైలుమార్గం పూర్తి కావడంతో ఈ పల్లెలు మద్రాసు, ఢిల్లీ దారి మీద పడ్డాయి. 1960ల మొదట్లో గనులు తెరుచుకున్నాయి. 1971లో 62.5 మెగావాట్ల విద్యుత్ కేంద్రం, 1980లో బొగ్గుతో నడిచే ఎరువుల కర్మాగారం వచ్చాయి. 1978 నవంబరులో శంకుస్థాపన జరిగిన ఎన్టీపీసీ కేంద్రం 1983లో మొదటి యూనిట్ నడిపింది. దాని వెనుక ప్రపంచ బ్యాంకు ఋణం ఉంది. అదే దశకంలో లాంగ్‌వాల్ యంత్రాలు బ్రిటన్ నుంచి, బ్లాస్టింగ్ గ్యాలరీ పద్ధతి ఫ్రాన్సు నుంచి గోదావరిఖని గనుల్లోకి దిగాయి. యంత్రం ఏ దేశానిదో మా కాలనీ పిల్లలకు తెలిసేది. దాన్ని బిగించడానికి వచ్చిన తెల్లవాళ్లను చూడడానికి రోడ్డు మీద నిలబడేవాళ్లం. అప్పుడు దాన్ని ప్రపంచీకరణ అనలేదు, అభివృద్ధి అన్నాం.

ఇన్ని కర్మాగారాలకు మనుషులు ఎక్కడినుంచి వచ్చారు? గోదావరిఖని ఊరుగా ఉండి పెరగలేదు. కొత్తగూడెం, బెల్లంపల్లి గనుల నుంచి పని తెలిసినవాళ్లను తెచ్చారు. కోస్తా జిల్లాల నుంచి టెక్నీషియన్లు, గుమాస్తాలు వచ్చారు. ఉత్తరాది రాష్ట్రాల నుంచి కష్టపనికి అలవాటుపడ్డవాళ్లు వచ్చారు. ఎక్కువమంది మాత్రం చుట్టూ ఉన్న కరీంనగర్, ఆదిలాబాద్, వరంగల్ పల్లెల నుంచి వచ్చారు. పల్లెకు గ్రామదేవత పేరో గుట్ట పేరో ఉంటుంది. ఇక్కడ అంకెలే ఊళ్లయ్యాయి. ఫైవ్ ఇంక్లైన్, సెవెన్ ఇంక్లైన్, ఎయిటింక్లైన్ కాలనీ. "మీది ఏ ఊరు" అంటే "ఎనిమిది" అని చెప్పే పిల్లలతో నేను చదువుకున్నాను.

ఈ చివరి గుంపు ఎందుకు వచ్చింది అన్న ప్రశ్న దగ్గర కొంత ఆగవలసి ఉంది. కరువు, అప్పు, భూమి లేకపోవడం అని మామూలుగా రాస్తాం. అవన్నీ నిజమే. కాని వచ్చినవాళ్లు కడుపు చేతపట్టుకుని మాత్రమే రాలేదు. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాలలో రైతుకూలీల జైత్రయాత్ర జరిగింది. వెట్టికి, దొరల భూముల ఆక్రమణకు ఎదురుతిరిగిన పల్లెలు అవి. అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. క్యాంపులు దిగాయి. రాత్రిళ్లు ఇంట్లో పడుకోలేని యువకులు ఏం చేస్తారు? అన్న బొగ్గుబాయికి, ఒక తమ్ముడు బొంబాయికి, ఇంకో తమ్ముడు అప్పుచేసి దుబాయికి. ఒకే రాత్రి ఒకే గడప నుంచి మూడు దిక్కులకు. మా బాపుకు పరాయి పేరు పని కోసం ఎంత అవసరమైందో తలదాచుకోవడానికీ అంతే అవసరమైంది. ఈ సంగతి ఆయన బతికుండగా చెప్పలేదు. పోయిన తర్వాత అవ్వ చెప్పింది. రైతాంగ పోరాట చరిత్ర రాసినవాళ్లు పల్లె పొలిమేర దగ్గర ఆగిపోయారు. కార్మికోద్యమ చరిత్ర రాసినవాళ్లు గని గేటు దగ్గర మొదలుపెట్టారు. పొలిమేరకూ గేటుకూ నడుమ నడిచిన దారి ఎవరి చరిత్రలోనూ లేదు.

బొంబాయి దారి వీటన్నిటికంటే పాతది. కామాఠీపురకు ఆ పేరు నిజాం ఇలాకా నుంచి పోయిన తెలుగు కూలీల వల్ల, కామాఠీల వల్ల వచ్చింది. బొంబాయి కట్టడాల్లో వాళ్ల చెమట ఎంత ఉన్నా, మన సాహిత్య చరిత్రలో ఆ పేట పేరు వినబడేది మరో అర్థంలోనే. తర్వాత పద్మశాలీలు మిల్లులకు పోయారు. 1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వాన మొదలైన మిల్లు కార్మికుల సమ్మె దీర్ఘకాలం సాగి, చివరికి మిల్లులే మూతపడే దారి పట్టాయి. నడిపి కాక భీవండి మరమగ్గాల మీద తేలాడు. దుబాయి దారికి 1973 నాటి చమురు ధరలు తలుపు తీశాయి. ఒక సంగతి గమనించాలి. బొంబాయిలో ఓడిపోయిన ఆ సమ్మెకు ముందటి ఏడాదే గోదావరిఖనిలో కార్మికులు 56 రోజుల సమ్మె (1981) చేసి నిలబడ్డారు. ఒకే ఇంట్లో ఒక ఉత్తరం ఓటమిని తెచ్చేది, ఒక సైరన్ గెలుపును చెప్పేది. బాపు అనేవాడు: "స్ట్రైకు చేసినంక ఈ ఊరోళ్లమైనం." రేషన్ కార్డు ఇవ్వలేని స్థానికత్వం సమ్మె ఇచ్చింది. నా దృష్టిలో స్థానికుడు అనే మాటకు ఇంతకంటే చారిత్రకమైన నిర్వచనం దొరకదు.

1991 తర్వాతి సంగతికి వద్దాం. అంకెలు రెండు చాలు. 1990-91లో సింగరేణిలో దాదాపు 1,16,000 మంది ఉద్యోగులుండేవారు, బొగ్గు ఉత్పత్తి సుమారు 1 కోటి 77 లక్షల టన్నులు. 2023-24లో ఉత్పత్తి 7 కోట్ల టన్నులు, ఉద్యోగులు 42 వేలలోపు. బొగ్గు నాలుగింతలైంది, మనిషి మూడోవంతయ్యాడు. ఈ మధ్యలో సంస్థ 1990లలో రెండుసార్లు బీఐఎఫ్ఆర్ గడప ఎక్కింది. 2000 సంవత్సరంతో బొగ్గు ధరల మీద ప్రభుత్వ నియంత్రణ పూర్తిగా తొలగింది. భూగర్భ గనుల స్థానంలో ఓపెన్‌కాస్టులు విస్తరించాయి. తట్టా చెమ్మస్ పోయి డంపర్లు వచ్చాయి. ఎరువుల కర్మాగారం 1999లో మూతపడింది. 2021లో అదే ప్రాంగణంలో మళ్లీ ఎరువు తయారవుతోంది కాని ఇప్పుడది బొగ్గుతో కాదు, గొట్టాల్లో వచ్చే సహజవాయువుతో. బొగ్గు మీద పుట్టిన ఊళ్లో ఎరువుకు బొగ్గు అక్కరలేకుండా పోయింది. 2001కీ 2011కీ మధ్య తెలంగాణలో పట్టణాలన్నీ ఉబ్బుతుంటే రామగుండం జనాభా పెరగకపోగా కొంత తగ్గింది. వచ్చేవాళ్ల ఊరు పోయేవాళ్ల ఊరయింది.

పోయేవాళ్లలోనూ వర్గాలున్నాయి. ఇంజనీర్ల పిల్లలు డల్లాస్ పోయారు. ఫిల్లర్ల పిల్లలు దుబాయి, మస్కట్, దోహా పోయారు. మా పెదనాన్న వరస ఆయన మనవడు ఒకడు ఇక్కడ కాంట్రాక్టు పని పోగొట్టుకున్నప్పుడు అవ్వ అన్నమాట నాకు గుర్తుంది: "వాడు కల్లివెల్లి అయిండు." గల్ఫ్‌లో కఫీల్‌ను వదిలి, కాగితాలు లేకుండా తిరిగే మనిషిని మనవాళ్లు కల్లివెల్లి అంటారు. అరబ్బు మాట అది. దుబాయి చూడని డెబ్బై ఏళ్ల ముసలామె గోదావరిఖనిలో ఉద్యోగం ఊడిన పిల్లవాడికి ఆ మాట వాడింది. మస్టరు, నాగా, ప్లేడే, బదిలీ అనే గని మాటల పక్కన కఫీల్, బతాకా, ఆజాద్ వీసా, అవుట్‌పాస్ వచ్చి కూచున్నాయి. భాషాశాస్త్రం చదివే మిత్రులకు ఇక్కడ ఎంత పని ఉందో చెప్పనక్కరలేదు. మాండలికమంటే జిల్లాల పటం గీసుకుని కూచుంటే ఈ నిఘంటువు దొరకదు. ఇది జిల్లాది కాదు, ఇంటిది.

ఇదే సమయంలో పోయేవాళ్లకు ఎదురుగా వచ్చేవాళ్లూ ఉన్నారు. ఓపెన్‌కాస్టుల్లో మట్టి తీసే కాంట్రాక్టు పనులకు, విద్యుత్ కేంద్రాల నిర్మాణానికి బీహార్, జార్ఖండ్, ఒడిశా కార్మికులు వచ్చారు. రేకుల షెడ్లలో ఉంటారు. వాళ్లను మనం "వలస కార్మికులు" అంటాం. మా బాపును "సింగరేణి కార్మికుడు" అంటాం. నలభై ఐదేళ్ల కింద బాపు ఉన్నదీ గుడిసెలోనే. అతనూ రాత్రి బస్సు దిగి, పరాయి పేరు చెప్పి పనిలో నిలబడ్డవాడే. ఒక పిల్లవాడు గోదావరిఖని నుంచి దోహాకు పోయి ఎండలో కట్టే పనిని, పలాము నుంచి వచ్చిన పిల్లవాడు గోదావరిఖని ఎండలో కడుతున్నాడు. ఇద్దరికీ పైన కాంట్రాక్టరే. 2022 సెప్టెంబరులో సింగరేణి కాంట్రాక్టు కార్మికులు 18 రోజులు సమ్మె చేశారు. 1981 సమ్మెతో ఊరివాళ్లమయ్యామన్న బాపు మాట ఈ సమ్మెకు కూడా వర్తిస్తుందా? దీనిమీద మన పత్రికల్లో చర్చ జరగాలని నా కోరిక. 2021 డిసెంబరులో నాలుగు బొగ్గు బ్లాకుల వేలానికి వ్యతిరేకంగా మూడు రోజుల సమ్మె జరిగినప్పుడు పర్మినెంటు కార్మికుడి గొంతు మనకు వినబడింది. షెడ్డులోని మనిషి గొంతు వినడానికి మనకు హిందీ రావాలి, ముందు తీరిక ఉండాలి.

ఈ చిక్కు మనకొక్కరికే వచ్చింది కాదు. గనులూ వలసలూ కలిసిన మరో చోట పండితులు దీన్ని ఎలా ఎదుర్కొన్నారో చూడడం మంచిది. అమెరికా నైరుతి రాష్ట్రాల రాగి, జింకు గనులను తవ్వినవాళ్లలో మెక్సికన్లు ముఖ్యులు. 1903లో అరిజోనాలోని క్లిఫ్టన్, మొరెన్సీ గనుల్లో సమ్మె చేసినవాళ్లలో ఎక్కువమంది వాళ్లే. 1917 జూలైలో బిస్బీ అనే గని పట్టణంలో సుమారు 1,200 మంది సమ్మె కార్మికులను పశువుల రైలు పెట్టెల్లో ఎక్కించి పక్క రాష్ట్రపు ఎడారిలో దింపి వచ్చారు. వాళ్లలోనూ మెక్సికన్లు చాలామంది. 1950లో న్యూమెక్సికోలో జింకు గని కార్మికులు సమ్మెకు దిగితే, పికెటింగ్ చేయరాదని కోర్టు కార్మికులను నిషేధించింది. అప్పుడు భార్యలు వెళ్లి పికెటింగ్ లైనులో నిలబడ్డారు. దాని మీద 1954లో వచ్చిన సినిమా 'సాల్ట్ ఆఫ్ ది ఎర్త్'. అందులో నాయిక పాత్ర వేసిన మెక్సికన్ నటి రొసౌరా రెవుయెల్తాస్‌ను చిత్రీకరణ పూర్తికాకముందే దేశం నుంచి పంపేశారు.

ఇంత చరిత్ర ఉన్నా విశ్వవిద్యాలయాల్లో దానికి చోటు లేదు. 1968-69 నాటి విద్యార్థి సమ్మెల తర్వాత గాని చికానో అధ్యయన శాఖలు పుట్టలేదు. మొదటి తరం పండితులు తమ ప్రజలను సొంత గడ్డ మీద పరాయి పాలనలో ఉన్న జాతిగా, అంతర్గత వలసగా చూశారు. 1972లో వచ్చిన రొడాల్ఫో అకున్యా గ్రంథం పేరే 'ఆక్రమిత అమెరికా'. 1969 తర్వాత తెలంగాణ వాదం ఎత్తుకున్న మాట కూడా అంతర్గత వలసే కదా. ఆ చూపుకు బలం ఉంది: దోపిడీని దాచిపెట్టనివ్వదు. బలహీనత కూడా ఉంది: ప్రజలు ఒక గడ్డ మీద కదలక ఉంటారని అనుకుంటుంది. 1980లలో మధ్య అమెరికా యుద్ధాల నుంచి పారిపోయి వచ్చిన సాల్వడోర్, గ్వాటెమాల జనం, 1994 నాటి ఉత్తర అమెరికా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం తర్వాత మొక్కజొన్న పొలాలు వదిలి ఉత్తరానికి నడిచిన మెక్సికో రైతులు ఆ ఊహను తలకిందులు చేశారు. గ్లోరియా అన్సాల్దువా 1987లోనే సరిహద్దును ఇంటిగా చేసుకుని పుస్తకం రాసింది. ఒక కాలు ఇక్కడ, ఒక కాలు అక్కడ వేసి బతికే కుటుంబాన్ని చదవడానికి చరిత్ర, సామాజికశాస్త్రం, సాహిత్యం ఒకే గదిలో కూచోవలసి వచ్చింది. ఇదంతా సుఖంగా జరగలేదు. వర్గం మరుగున పడిందని, వలసను పండుగ చేస్తున్నారని విమర్శలు వచ్చాయి. ఆ విమర్శలో నిజముందనే నా అభిప్రాయం. అయినా వాళ్లు గది మార్చుకున్నారు. (మా ఇంజనీరుగారబ్బాయి డల్లాస్‌లో కొన్న ఇల్లు కట్టింది మెక్సికన్ మేస్త్రులట. ఫోటో పంపాడు. ఇల్లుంది, మేస్త్రులు లేరు.)

మన దగ్గర ఏం జరిగింది? కేరళలో తిరువనంతపురంలోని అభివృద్ధి అధ్యయనాల కేంద్రం 1998 నుంచి దాదాపు అయిదేళ్లకోసారి ఇంటింటి వలస సర్వే చేస్తూ వచ్చింది. తెలంగాణ పల్లెల నుంచి ఇంతమంది పోతున్నా అంతటి పునాది మనం వేసుకోలేదు. గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబానికి అయిదు లక్షల సాయం అంటూ ప్రభుత్వ ఉత్తర్వు 2024లో వచ్చింది. లెక్కలోకి రావడానికి మనిషి చావాలి. విశ్వవిద్యాలయాల్లో బొగ్గుగనుల మీద పరిశోధనలు లేకపోలేదు. ఎక్కువ భాగం ఉత్పాదకత, గైర్హాజరు, పారిశ్రామిక సంబంధాలు. యాజమాన్యం అడగదలచుకున్న ప్రశ్నలే అవి. ఇటీవల గాలి మారింది. వలస అనేది పరిశోధనకు నిధులు తెచ్చే మాట అయింది. ప్రశ్నాపత్రాలు మరోచోట తయారై వస్తున్నాయి. జవాబులు ఇక్కడ తవ్వుకుని పోయి ఇంగ్లీషులో మండిస్తున్నారు. వెలుగు ఇక్కడికి రాదు, బూడిద మాత్రం మిగులుతుంది. ఇలా అన్నందుకు మా ఇంటికొచ్చిన అమ్మాయి నొచ్చుకోదనుకుంటాను. ఆమె ఆ ప్రశ్నాపత్రంతో తనే పోట్లాడుతున్నది.

రచయితల సంగతి మాట్లాడకుండా పండితులను తిట్టడం న్యాయం కాదు. మన బొగ్గుగని కథల్లో కార్మికుడు దీపం పెట్టుకుని దిగుతాడు, పైకప్పు కూలుతుంది, సైరన్ మోగుతుంది, సమ్మె వస్తుంది. అవి రాయవలసినవే, ఇంకా రాయాలి. గల్ఫ్ మీద పెద్దింటి అశోక్ కుమార్ 'ఎడారి మంటలు' వంటి నవల వచ్చింది. కాని ఈ రెండు లోకాలనూ ఒక ఇంటిగా చూపిన రచన అరుదు. నేను చేసింది అంతకంటే తప్పు. చాలా ఏళ్ల కింద మా గని చరిత్ర మీద ఒక చిన్న పుస్తకం రాశాను. అందులో బాపు ఉన్నాడు, పరాయి పేరు లేదు. సమ్మె ఉంది, ఆ 56 రోజులూ ఇల్లు గడవడానికి నడిపి కాక బొంబాయి నుంచి పంపిన మనియార్డరు లేదు. ఆ మనియార్డరు అందుకుని, ముగ్గురు బదిలీ ఫిల్లర్లకు కూడా వండిపెట్టిన అవ్వ అసలే లేదు. వర్గచైతన్యానికి మచ్చ అవుతుందనుకున్నానో, కుటుంబ విషయం చరిత్ర కాదనుకున్నానో ఇప్పుడు చెప్పలేను. 1952 గనుల చట్టం స్త్రీలను భూగర్భంలోకి దిగనివ్వలేదు. 2019లో కేంద్రం షరతులతో అనుమతి ఇచ్చింది. చట్టం గేటు దగ్గర ఆపితే, నేను పుస్తకం అట్ట దగ్గరే ఆపాను. ఒక సమ్మె ఎన్నాళ్లు నిలుస్తుందన్నది వంటింట్లో బియ్యం డబ్బా తేల్చిన విషయం. ఆ డబ్బాలోకి బియ్యం ఎక్కడినుంచి వచ్చాయో తెలియకుండా సమ్మె చరిత్ర ఎలా తెలుస్తుంది?

మరి ఈ చరిత్రకు ఆధారాలెక్కడ? కంపెనీ రికార్డుల్లో పరాయి పేర్లు. పాస్‌పోర్టుల్లో పరాయి ముఖాలు. పాత కాలనీలు కూలుతున్నాయి, ఓపెన్‌కాస్టు కింద పల్లెలకు పల్లెలు పోయాయి. మొదటి తరం గల్ఫ్ కార్మికుల్లో చదవను రాయను రానివాళ్లు చాలామంది కాబట్టి ఉత్తరాలు తక్కువ. దానికి బదులు వాళ్లు కాసెట్లు పంపేవారు. టేప్‌రికార్డర్ ముందు కూచుని అరగంట మాట్లాడి, ఊరికి పోయే మనిషి చేతికిచ్చేవారు. 1980లలో ఇక్కడి ఇళ్లలో ఆ కాసెట్లు వింటూ ఏడవని ఆడవాళ్లు లేరు. తర్వాత వాటి మీదే పిల్లలు సినిమా పాటలు రికార్డు చేసుకున్నారు. నేనూ చేశాను.

చిన్న కాకవి ఎనిమిది కాసెట్లు అవ్వ ట్రంకుపెట్టెలో మిగిలాయి. ఆ అమ్మాయి అడిగితే తీసి చూపించింది. ఇంట్లో వినే సాధనం లేదు. చౌరస్తా దగ్గర రిపేరు షాపులో పాత టేప్‌రికార్డర్ ఒకటి దొరికింది. టేపు సాగిపోయి గొంతు బరువుగా వచ్చింది. కాక దుబాయి గురించి చెప్పింది తక్కువ, అడిగింది ఎక్కువ. "వదినె, అన్నకు బదిలీ పోయి పర్మినెంటయిందా? బొంబాయి నుంచి ఉత్తరమొచ్చిందా? నా మీదున్న అప్పు అన్న కట్టొద్దని చెప్పు." మూడు బాయిలూ ఆ మూడు మాటల్లో ఉన్నాయి. నడుమ ఎవరో పిలిస్తే కాక "ఆఁ వస్తున్నా" అన్నాడు. పిలిచిన పేరు పాస్‌పోర్టులోది. అవ్వ ఆ పేరు ఎన్నడూ విననట్టే విన్నది.

అమ్మాయి మళ్లీ ప్రశ్నాపత్రం తీసింది. "భర్త పేరు" అనే గీత దగ్గర ఆగి, ఏది రాయమంటారని అడిగింది.

"రెండూ రాయి బిడ్డా. ఒక పేరు మీద తిన్నం, ఒక పేరు మీద కాలవెట్టినం" అన్నది అవ్వ.

అమ్మాయి గీత మీద ఒకటి, గీత కింద ఒకటి రాసుకుంది. తక్కిన ఏడు కాసెట్లు వినడానికి దసరాకు వస్తానని చెప్పి, షాపువాణ్ణి ఆ టేప్‌రికార్డర్ ఎవరికీ అమ్మవద్దని బతిమాలుకుని బస్సెక్కింది.